పని లేనిదాని ఆకలి

"ఆపి, మళ్ళీ మొదలుపెట్టు!" అన్నాడు మేనేజర్ న్యాంగ్వెసో.

"ఆపితే పడవలన్నిటితో లింకు తెగిపోతుంది సార్. మళ్ళీ కలిసేలోగా గాలొస్తే?" అంది అధియాంబో.

కిసుము ఆఫీసు కిటికీలోంచి సరస్సు మీదికి మబ్బు దిగడం కనిపిస్తోంది. అక్కడ వలలు వేసిన పడవల్లో ఆమె తమ్ముడు ఒదేరా ఉన్నాడు. ఈదురుగాలి లేస్తే పడవల వాళ్ళ ఫోన్లలో సైరన్ మోగించేది వీళ్ళ జావా అప్లికేషనే.

పొద్దుట్నుంచీ దానికి పనే లేదు. అయినా అది ఎంత మెమరీ వాడుతోందో చూపే గీత స్క్రీన్ మీద పైపైకి పాకుతోంది. మెమరీ నిండితే అప్లికేషన్ కూలిపోతుంది, సైరన్ మోగదు. అదీ అందరి భయం.

"పనీపాటా లేకుండా ఈ తిండేంటి తల్లీ! దీనికెవరిదో సిహోహో తగిలింది, పాడు దిష్టి," అన్నాడు పక్క సీటు ఒకుము.

ఎవరూ నవ్వలేదు. భయంకొద్దీ ఒక్కొక్కరూ తమ కంప్యూటర్లోనూ ఆ గీతను తెరిచి పెట్టుకున్నారు. గీత ఇంకా నిటారుగా లేచింది.

"అమ్మో, పైదాకా వచ్చేసింది! అందరూ దాన్లోంచి బయటికి రండి. అధియాంబో, ఆపెయ్!" అని అరిచాడు న్యాంగ్వెసో.

గదిలో ఒక్కో స్క్రీనూ మూతపడింది. ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది. 'ఒదేరా, నన్ను క్షమించరా' అనుకుంటూ చివరిసారి గీత వైపు చూసింది. వేలు ఆగిపోయింది.

"నొక్కవేం?"

"ఆగండి సార్... గీత నెమ్మదించింది."

అంతలో కిటికీ తలుపులు దబదబా కొట్టుకున్నాయి. సరస్సు మీద గాలి లేచింది. అప్లికేషన్ సైరన్ పంపింది. చాలాసేపటికి ఆమె ఫోన్ మోగింది.

"అక్కా, సైరన్ వినగానే తిరిగొచ్చేశాం. ఒడ్డెక్కాం!"

అధియాంబో బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది.

"ఇంతకీ ఏం మార్చావు?" అడిగాడు న్యాంగ్వెసో.

"నేనేం మార్చలేదు సార్. మనం ఆ గీత తెరిచి చూస్తున్నంతసేపూ మన కంప్యూటర్లు 'ఎలా ఉన్నావ్' అని దాన్ని అడుగుతూనే ఉంటాయి కదా," అంటూ ఆమె తన స్క్రీన్ కూడా మూసేసింది. "ఇంతమందికి జవాబు చెప్పడానికే పాపం, అది మెమరీ అంతా తినేసింది!"