సున్నా మీద ముల్లు

“ప్రెషర్ చూడాల్సింది ఇంజనుకా సార్, మీకా?”

కారు కింద పడుకున్న మెకానిక్ సదయ్య కాళ్లు షెడ్డు బయట ఉన్నాయి, మాట షెడ్డు లోపలి నుంచి వచ్చింది. వామనరావు నవ్వలేదు. బొగ్గుబాయిలో అండర్ మేనేజరు ఆయన. పేరుకి వామనుడు, ఎత్తుకి ఆరడుగులు. ఆదివారం నుంచీ కునుకు లేక ఆ ఆరూ మూడడుగులకు కుంగినట్టున్నాయి.

ఆయన కారు రంగు కారుమబ్బు. వదిలే పొగ కారుచీకటి. కదలనప్పుడు ఆయన నోట రాలేవి కారుకూతలు. ఇంటి పక్కనున్న ఈ షెడ్డు చివర నేలలోంచి మోకాలెత్తు పొడుచుకొచ్చిన పాత ఇసుక గొట్టం ఒకటుంది. బంపరు వెళ్లి దానికి టంగుమని తగిలితే బండి ఆగినట్టు లెక్క. బ్రేకు సంగతి ఆ తర్వాత.

“మళ్ల వినపడ్డదా సార్?”

“పొద్దున వినపడ్డది. టక్, టక్, టక్. మూడే. స్టార్టు కొట్టేటప్పుడు ఒకసారి, వచ్చి ఆపినంక ఒకసారి.”

“రోడ్డు మీద?”

“రోడ్డెక్కినంక ఏం లేదు.”

“గింతేనా! చల్లగున్నప్పుడు ఆయిల్ పైకెక్కక ఇంజను కొట్టుకుంటది. వేడెక్కినంక ఆపితే ఇనుము చల్లారుకుంట టిక్కుమంటది. అందుకే రెండు మీటర్లు తెచ్చిన. ప్రెషరు ఒకటి చెప్తది, వేడి ఒకటి చెప్తది. మీ టరుబుర్రులన్నీ గీ మీటర్లే చెప్తయి. ఫికర్ చెయ్యకుండ్రి.”

రామగుండం స్టేషను దగ్గర తుక్కయిపోయిన లారీలోంచి పీకిన మీటర్లవి. వాటి అద్దాలు పసుపెక్కాయి, ముళ్లు మాత్రం బతికే ఉన్నాయి.

వామనరావు చూపు షెడ్డు గుమ్మం మీదికి పోయింది. పొద్దుటి నుంచీ పూలమ్మ అక్కడే కూర్చుంది. ఆమె పెనిమిటి కొమురెల్లి బాయి అడుగున నిలబడి, మనుషులను పైకి లాగుమని గంట కొట్టే మనిషి. ఆదివారం పక్కనున్న పాత బాయి గోడ తెగి నీళ్లు దూకినప్పుడు, గంట దగ్గర నిలబడి షిఫ్టు మొత్తాన్నీ తాడు మీద పైకి పంపించాడు. తనకోసం గంట కొట్టేవాడు లేక కిందే మిగిలిపోయాడు. పంపులు ఆడించినా నీళ్లు తగ్గలేదు. మొన్న బాయి మూతి దగ్గర నిలబడి “ఇక లేడు, వెతుకుడు ఆపుండ్రి” అన్నది వామనరావే. మూడు దెబ్బలు మొదలైందీ ఆ సాయంత్రమే.

“రేపు నా గాజులు పగలగొడ్తరంట సారూ,” అంది పూలమ్మ. “పీనుగు లేని సావేంది? ఒక్కపారి మనుషులను దించుండ్రి.”

“నీళ్లు కప్పు దాకా ఉన్నయి పూలమ్మా. ఎవరిని దించమంటవు?”

ఆమె చేతి గాజులు తిప్పుకుంది. “ఇంట్ల సుత గంటనే కొట్టేటోడు సారూ. కంచం మీద మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నరని. నేను గంటెతోని మూడు తిరిగియ్యాలె, ఎక్కుండ్రని. అప్పుడు ఒక్కటి కొట్టేటోడు, లాగుమని. అన్నం పెట్టుమని అన్నట్టు.” నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గుగా మారింది.

మూడు అన్నమాట వినగానే వామనరావు కారు వైపు తిరిగాడు.

“సదయ్యా, జల్ది కానియ్యి.”

సదయ్య ఆయిల్ తగ్గితే దీపం వెలిగించే స్విచ్చు విప్పాడు. దాని చోట సన్నటి రాగి గొట్టం బిగించి డాష్‌బోర్డు కిందికి లాగాడు. ఇంజను అడుగున ఆయిల్ చాంబరు బోల్టు తీసి వేడి పట్టే బుడ్డి కూర్చోబెట్టాడు. కొత్త ఆయిల్ పోశాడు.

“ఇగ కొట్టుండ్రి సార్ స్టార్టు.”

ఇంజను గర్జించింది. ప్రెషరు ముల్లు లేచి నిటారుగా నిలబడింది. కాసేపటికి వేడి ముల్లు కూడా మెల్లగా పైకి పాకింది. సదయ్య మీసం దువ్వుకున్నాడు.

“చూసిండ్రా? మీకంటె దీని తబియతే మంచిగున్నది. ఇగ ఆపుండ్రి.”

ఇంజను ఆగింది. ప్రెషరు ముల్లు సున్నా మీద వాలింది. వేడి ముల్లు దిగేదాకా ముగ్గురూ కూర్చున్నారు. అదీ దిగింది. వామనరావు గుండెలో ముల్లు మాత్రం దిగలేదు.

టక్. టక్. టక్.

ఈసారి సదయ్యకూ వినపడింది. మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఇనుము చల్లారుతున్నదా సదయ్యా?” అడిగాడు వామనరావు.

“ఇనుము గిట్ల మూడు లెక్కపెట్టి కొట్టది సార్.”

“మరి వాడేనా? నేను లేడన్నందుకే వచ్చిండా?”

సదయ్య పనిముట్ల పెట్టె తెరిచాడు. పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. మొన ఇనుముకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఇంజను రోగం ఎక్కడుందో అతనికి తెలిసిపోతుంది. దవాఖానలో డాక్టరు గుండె చూసినట్టే.

ఇంజను మీద పెట్టి వేచి చూశాడు. మళ్లీ వచ్చిన చప్పుడు సన్నగా వినపడింది. రేడియేటరు ముందున్న కమ్మీ మీద పెట్టాడు, కాస్త పెద్దదయింది. బంపరు మీద పెట్టాడు. అక్కడ స్పష్టంగా ఉంది. మొన ఇంకొంచెం ముందుకి జరిపాడు. ఉలిక్కిపడి పిడి వదిలేసి, చెవి రుద్దుకున్నాడు.

“సారూ… గీ ఇసుక గొట్టం ఏడికి పోతది?”

బాయి పైభాగంలో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి గోదావరి ఇసుకని ఒకప్పుడు అందులోంచే తోసేవారు. పని అయిపోయాక మూత బిగించి మరిచిపోయారు. వామనరావు చూపుడువేలు నేలవైపు తిరిగింది.

పూలమ్మ లేచింది. సదయ్య పక్కనున్న పెద్ద పానా అందుకుంది. అడగలేదు, ఏడవలేదు. గొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చుని, గాజుల చెయ్యెత్తి మూడు దెబ్బలు కొట్టింది.

రేకులు ఎండకి చిటపటలాడుతున్నాయి.

కిందినుంచి ఒక్కటి మోగింది.