ముందు పేరు చెప్పాలి

"నెలాఖరుకల్లా నేర్చుకోనోళ్లు అఫ్జల్‌గంజ్ గోదాముకు పోవాల్సిందే. గాడ పెట్టెలు మోసుకుంట ఉండిన్రి," అన్నాడు వామన్‌రావు.

ఆబిడ్స్‌లో ఆయన కరెంటు సామాన్ల కంపెనీకి ఆటోమేటిక్ టెలిఫోను మిషను వచ్చింది. ప్రతి బల్ల మీదా గుండ్రటి డయలున్న నల్ల ఫోను వెలిసింది. ఇక ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోవాలి.

అంతదాకా ఫోనెత్తి "బెత్సమ్మా, జర గోదాముకు కలుపు" అంటే చాలు, టెలిఫోను బోర్డు దగ్గర కూర్చున్న బెత్సీ కలిపేది. మిషను వచ్చాక మనిషెందుకు? ఈ నెలతో చాలించమని వామన్‌రావు ఆమెకు చెప్పేశాడు. ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది. అయినా బెత్సీ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. "మంచిది సార్" అని సంచీ తీసుకుని ముందు మెట్లు దిగి వెళ్లిపోయింది.

వామన్‌రావు చెడ్డవాడేం కాదు. బేగం బజార్‌లో పరుపు మీద కూర్చుని వ్యాపారం చేసిన మనిషి. ఆబిడ్స్‌కు వచ్చాక కొత్తదనం పిచ్చి పట్టుకుంది. పైగా బొంబాయి పంకాల కంపెనీ వాళ్లు ఏజెన్సీ ఇస్తామంటున్నారు. వాళ్ల మనిషి వచ్చి ఆఫీసు చూడాలి, ఇక్కడివాళ్లు కాలంతోపాటు నడుస్తున్నారని నమ్మాలి, అప్పుడే సంతకం. ఆ సంతకం కోసం వామన్‌రావు ప్రాణం కొట్టుకుపోతోంది.

మిషను బిగించింది నాంపల్లి మెకానిక్ జయపాల్. అప్పట్లో బెత్సీని ఈ కొలువులో చేర్పించిందీ అతనే. పాపం, కొన్నాళ్లు ముఖం వేలాడేసుకుని తిరిగాడు. తర్వాత మనసు గట్టి చేసుకున్నట్టున్నాడు, పాత బోర్డు గదిలోనే మిషను పెట్టి, కిటికీలు బిగించి, తలుపుకు తాళం వేశాడు.

"లోపటికి ఎవ్వరూ పోవద్దు సార్. దుమ్ము పడితే మిషను ఖరాబైతది. నూనె, సఫాయి అన్నీ నేనే వెనక మెట్ల దిక్కునుంచి వచ్చి చూసుకుంట," అన్నాడు.

ఆ నూనెకూ సఫాయికీ నెలనెలా ఇంతని అడిగాడు. తీరా చూస్తే అది బెత్సీ జీతమంత ఉంది. పోనీలే, మిషనైతే సెలవులడగదు కదా అని వామన్‌రావు ఒప్పుకున్నాడు.

ఆఫీసు వాళ్లకు పాఠం చెప్పింది కూడా జయపాలే.

"ఫోనెత్తంగనే ఎవరు కావాల్నో వాళ్ల పేరు గట్టిగ చెప్పాలె. గట్లయితే నంబరు యాదికుంటది. తర్వాత డయలు తిప్పాలె. పేరు చెప్పకుంట తిప్పితే నా జిమ్మేదారి కాదు."

"గిదేంది, బడిపిల్లల లెక్క!" అని నవ్వాడు హెడ్ క్లర్కు జనార్దన్. కానీ గోదాము గుర్తొచ్చి గొంతెత్తి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

అందరికంటే భయపడింది ముసలి గుమాస్తా గట్టయ్య. చత్వారపు కళ్లకు డయలు మీద మూడేదో ఎనిమిదేదో తెలియదు.

"గీ వయసుల నన్ను పెట్టెలు మోయిపిస్తరా?" అని అన్నం మానేశాడు.

వామన్‌రావుకే జాలేసింది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గట్టయ్య కళ్లు మూసుకుని "గోదాం!" అని అరిచి, వేలికి తగిలిందేదో తిప్పాడు. గోదామే పలికింది! నెల తిరిగేసరికి ఆఫీసులో ఒక్కరికీ తప్పు నంబరన్నది తగల్లేదు.

"మనోళ్లకు కొత్తది ఒంటబట్టదంటరు. నేర్పేటోడుండాలె గానీ!" అని వామన్‌రావు కనిపించిన వాళ్లందరి దగ్గరా మీసం మెలేశాడు.

మిషనుకు మాత్రం కొన్ని వేషాలుండేవి. మధ్యాహ్నం భోజనాల వేళ పలికేది కాదు. వేడెక్కుతుందట. క్రిస్మస్ నాడు అసలు కదల్లేదు. చలికి నూనె గడ్డకట్టిందన్నాడు జయపాల్. ఒకసారి జనార్దన్ విసుగెత్తి ఫోనులో పాడుమాట అనేసరికి ఠక్కున లైను తెగిపోయింది. పై దేశపు సరుకు, మర్యాద తెలిసిందని వామన్‌రావు మురిసిపోయాడు.

మంచి ఎండల్లో పంకాల కంపెనీ మనిషి భావనారాయణ దిగాడు. మొజంజాహీ మార్కెట్ నుంచి తెప్పించిన ఐస్‌క్రీం తిన్నాడు. మూతి తుడుచుకుని, గోడమీద నంబర్లు చూసి, ఉలకకుండా పలకకుండా డయలు తిప్పాడు.

చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. అంతే.

"ఇదేమిటండీ, మీ మిషను బొమ్మ మిషనా?" అన్నాడు నుదురు చిట్లించి.

వామన్‌రావుకు ఏజెన్సీ చేతికందినట్టే అంది జారిపోతోంది. అప్పుడు మూలనుంచి గట్టయ్య లేచాడు.

"ముందుగాల పేరు చెప్పాలె సార్. మేమందరం గట్లనే చేస్తం."

భావనారాయణ వింతగా చూసి, "గోదాము" అని డయలు తిప్పాడు. తిప్పడం పూర్తికాకుండానే అవతల గోదాము పలికింది.

"భేష్! మా బొంబాయి ఆఫీసులో ఇప్పటికీ సగంమందికి ఇది పట్టుబడలేదు. మీవాళ్లు గట్టివాళ్లండీ," అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఆయన్ని కారెక్కించి వచ్చి వామన్‌రావు తన గదిలో తలుపు వేసుకున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఫోనెత్తి, చంటిపిల్లతో మాట్లాడినట్టు ముద్దుగా అన్నాడు.

"మిషనూ, నా ఇజ్జత్ కాపాడినవ్. ఏం కావాల్నో అడుగు, ఇస్త."

"గా కొత్త పంకాలల్ల ఒకటి గీడ పెట్టియ్యిన్రి సార్, కిటికీలు బిగించిన అర్రల ఉడికిపోతున్న," అన్నది ఫోనులోంచి బెత్సీ.