ఒరటోరియోకు ఒక్క శ్రోత

“నలభై నిమిషాలు అదే మాట తిప్పి తిప్పి పాడితే ఎవరు వింటరు సార్?” అని అడిగేసింది విజయమ్మ.

నాగర్‌కర్నూల్‌లోని ఒక చర్చి కమిటీకి ఆమె పెద్ద. ఎదురుగా కూర్చున్న ప్రేమ్ కుమార్ పాతికేళ్లుగా అక్కడి పాటల బృందానికి, అంటే క్వయర్‌కు, మాస్టర్. ప్రతి క్రిస్మస్‌కూ ఏదో ఒక ఒరటోరియోలోని కోరస్‌లు పాడిస్తాడు. ఒరటోరియో అంటే ఏమిటని అడిగితే, “మన వీధి భాగవతమే అనుకోండి. కాకపోతే బైబిల్ కథ. వేషాలుండవు, గంతులుండవు, అందరూ నిలబడి పాడతారు” అంటాడు. వేషాలూ గంతులూ లేని భాగవతం గురించి పాలమూరులో ఎవరూ రెండోసారి అడగలేదు.

“ఈసారి క్వయర్ బంద్ పెడదాం. ట్రాకు పెట్టి నలుగురు పిల్లలతోని పాడిద్దాం” అంది విజయమ్మ. “లేదంటె, చర్చికి సంబంధం లేని మనిషి ఒక్కడు, తనంతట తానొచ్చి గీ పాటలు కావాలన్నడని చూపియ్యుండ్రి. నెల దినాలు టైమిస్తున్న.”

ప్రేమ్ కుమార్ ఆ పూట అన్నం ముట్టలేదు. క్వయర్ పోతే ఆయనకు మిగిలేవి బీపీ మాత్రలే. నెల కాదు, పదేళ్లిచ్చినా అలాంటి మనిషి దొరకడని ఆయనకు తెలుసు.

మూడో రోజే దొరికాడు.

క్వయర్ ప్రాక్టీసు నడుస్తోంది. కోరస్ ఒక్కసారిగా ఎత్తుకునేసరికి, చర్చి ముందు నుంచి పోతున్న ఒక రైతు ఉలిక్కిపడి ఆగిపోయాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పేరు బాలన్న. ఊరు అమ్రాబాద్ పక్కన. ఎరువుల కోసం వచ్చాడట.

“గుండె జల్లుమన్నది సార్. గిసొంటియి నాకు మెమరీ చిప్పుల ఎక్కిస్తరా?”

ప్రేమ్ కుమార్ ఆయన చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. కుర్చీ వేశాడు, చాయ్ ఇప్పించాడు. ఉన్న వాటిలో గొప్పవి మూడు తీసి, ఒక్కొక్కటే వినిపించాడు.

మొదటిది సిలువ మరణం గురించి. మెల్లగా, బరువుగా సాగే కోరస్. వింటే ప్రేమ్ కుమార్‌కు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. బాలన్న ఓపికగా విని తల అడ్డంగా ఊపాడు.

“ఏడుస్తున్నట్టుంది సార్. దీనితోని గాదు.”

రెండోది స్తుతి. బాకాలు, డోళ్లు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే జోరు.

“మంచిగనే ఉంది. కని ఒక్క తీరుగ పోతుంది. జరసేపైతే అలవాటైతది.”

ఈ ఒక్క ముక్క తన క్వయర్‌కు ఎక్కించలేక ప్రేమ్ కుమార్ పాతికేళ్లు గొంతు చించుకున్నాడు. 

మూడోది పెట్టాడు. గుసగుసలాంటి పాట. తర్వాత నిశ్శబ్దం. బాలన్న ముందుకు వంగాడు. ఉన్నట్టుండి కోరస్ మొత్తం విరుచుకుపడింది. ఆయన చేతిలోని చాయ్ సగం పంచె మీద పడింది.

“ఇది!” అని లేచి నిలబడ్డాడు. “ఎప్పుడు మీద వడ్తదో తెల్వదు! ఎంతమంది సార్ పాడేది?”

“రెండు వందల మంది.”

“మొగోళ్ల గొంతులే ముందుకొచ్చినయి గదా?”

“అవును బాలన్నా, బేస్ వాళ్లు ముందు ఎత్తుకుంటారు.”

“రెండు వందల మంది!” అని బాలన్న ఆ స్పీకర్‌కు దండం పెట్టాడు.

ప్రేమ్ కుమార్‌కు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు కూడా.

మూడు వారాల తర్వాత, ఆదివారం ఆరాధన అయ్యాక, బాలన్న కమిటీ ముందు నిలబడ్డాడు. 

“నిజంగనే వింటున్నవా?” అంది విజయమ్మ.

“రోజు పెడుతున్నమ్మ. పొద్దుగూకంగ పెడితే తెల్లారేదాక నడుస్తనే ఉంటది. అది పెట్టినకాంచి కంటినిండ నిద్రపోతున్న.”

“నిద్ర మాట నిజమే. అది మొదలుపెడితే మాకు గూడ వస్తది” అన్నాడు కమిటీలోని శ్రీనాథ్. అందరూ నవ్వారు.

బాలన్న నవ్వలేదు. “నవ్వేటిది గాదన్నా. అంతకుముందు రెండు నెలలు నేను కన్ను మూసింది లేదు. నా పెండ్లాం గూడ నాతోనే కూసునేది. గిట్లనే ఉంటె ఈ ఏడు మాకు తిండి గూడ ఉండదని ఏడ్సింది. సార్ పాట మమ్ముల బతికిచ్చింది.”

ఎంత దుఃఖంలో ఉన్నాడో మనిషి అనుకున్నారు అందరూ. అది ఏ దుఃఖమో నలుగురిలో అడగడం మర్యాద కాదని విజయమ్మ ఊరుకుంది. కొంగుతో కళ్లు మాత్రం ఒత్తుకుంది.

“మా పక్కపొంటి లింగయ్య గూడ ఎక్కిచ్చుకున్నడు. ఊర్ల ఇంకా అడుగుతుండ్రు” అని బాలన్న ప్రేమ్ కుమార్ వైపు తిరిగాడు. “సార్, ఇంకొకటి గావాలె. దీనికన్న జర పెద్దది ఉంటె ఇయ్యుండ్రి.”

శ్రీనాథ్ తల దించుకున్నాడు. చదువుకున్న తాము పాతికేళ్లలో అడగని మాట అది.

క్వయర్ ఉంటుందని విజయమ్మ అక్కడికక్కడే చెప్పేసింది. క్రిస్మస్‌కు కోరస్‌లు కాదు, ఒరటోరియో మొత్తం పాడించమంది. ప్రేమ్ కుమార్ తన దగ్గరున్న వాటిలోకెల్లా పెద్దది, నాలుగు వందల మంది పాడినది, చిప్పులో ఎక్కించి బాలన్న జేబులో పెట్టాడు. బస్టాండు దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చాడు.

సాయంత్రానికి ఊరు చేరిన బాలన్న, అడవి అంచున తన మక్కచేనులోని మంచె ఎక్కి, మైకు మూతి అడవి వైపు తిప్పి కొత్త చిప్పు పెడుతూ భార్యతో, “పాతదానికి పందులు భయపడుడు తక్కువ చేసినయి కిష్టమ్మా, నాలుగు వందల మంది ఒర్లితె ఎట్ల చేన్ల పడతయో ఇగ చూస్త” అన్నాడు.