ఘాట్ రోడ్డులో ఒరిగిన బండి

శ్రీశైలం ఘాట్ మొదట్లో ఓబులేసు తన మోటార్‌సైకిల్ ఆపి, వెనక కూర్చున్న భార్య సుంకులమ్మకు మరోసారి చెప్పాడు. "నేను యాపక్క ఒరిగితే నువ్వూ ఆపక్కే ఒరగల్ల. భయపడి ఎదురు ఒరిగితివంటే ఇద్దరం లోయలోనే."

"పెండ్లయిన కాడ్నుంచి చేస్తాండేది అదే కదయ్యా, పోనీ!"

మనిషి నడిపే బండి జిల్లాలో అదొక్కటే మిగిలింది. తమంతట తాము నడిచే కార్లకు ఒరగడమంటే తెలియదు. ఈ మోటార్‌సైకిల్ మలుపులో వాలగానే, పడిపోయిందని రోడ్డును కాచే యంత్రానికి కబురు పెట్టేస్తాయి. ఇప్పటికి రెండుసార్లు పెట్టాయి. మూడోసారి కూడా పడినట్టు నమోదైతే బండి మ్యూజియానికే.

మొదటి మలుపు వచ్చింది. ఓబులేసు ఒరిగాడు. అతని వీపుకు అంటుకుని సుంకులమ్మా ఒరిగింది. ఎదురొస్తున్న కార్లన్నీ టక్కున ఆగిపోయాయి.

"పడిపోయారా?" హ్యాండిల్ మీది పెట్టెలోంచి, రోడ్డును కాచే యంత్రం అడిగింది.



"పడల్యా నాయనా, ఒరిగినాం," అంది సుంకులమ్మ. "సూడు, లేస్తాండాం."

బండి అలవోకగా నిటారైంది. ఆగిన కార్ల అద్దాలన్నీ దిగాయి. లోపలివాళ్ళు రెప్ప వేయడం మరిచిపోయారు.

"నమోదు చేయడం లేదు," అంది యంత్రం. "వచ్చే మలుపులో కాస్త నిదానంగా ఒరగండి. కార్లన్నీ మళ్ళీ చూస్తామంటున్నాయి."