వదలాల్సిన దూరం

శనివారం పొద్దున్నే కాలింగ్ బెల్ మోగింది.

తేజేశ్వర్ విసుగ్గా తలుపు తీశాడు.

గుమ్మంలో యాభై దాటిన తెలుగావిడ. చేతిలో హెల్మెట్. డ్రైవ్‌వేలో సైకిల్.

"నా పేరు చాముండేశ్వరి బాబూ. రాష్ట్ర సైకిల్ సంఘం తరఫున వచ్చాను."

"డొనేషనా ఆంటీ?"

"కాదు. మనిషి కావాలి."

పాలప్యాకెట్‌కి కూడా కార్‌లో వెళ్ళే టెక్సస్‌లోని ప్లేనో ఊరి మనిషికి ఆవిడ ఓపిగ్గా చెప్పింది. సైకిల్‌ని దాటేటప్పుడు కారు పక్కన తగినంత జాగా వదలాలని చట్టం రావాలి. బిల్లు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ముందుంది. ఈ ఏరియా సభ్యుడే అక్కడ అడ్డం పడుతున్నాడు.

"మేమెంతమందిమి వెళ్ళినా ఆయన వినడు బాబూ. తన ఏరియావాళ్ళు చెబితే వింటాడు. బుధవారం హియరింగ్. వ్యాన్ పెడుతున్నాం. మైక్ ముందు నాలుగు మాటలు చెప్పు, చాలు."

"మేం హెచ్‌వన్‌బీ వీసా మీదున్నాం ఆంటీ. మాకు ఓటే లేదు."

"ఓటు అక్కర్లేదు. ఇక్కడ ఉంటున్నారు. మీ పాప ఈ రోడ్డు మీదే సైకిల్ తొక్కుతోంది."

అతని భార్య మనీషా మంచినీళ్ళు తెచ్చింది.

"మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా ఆంటీ?"

ఆవిడ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టింది.

"ఒక పిల్లాడు పోయాడమ్మా. కాలేజీ నుంచి సైకిల్ మీద వస్తూ."

మనీషా కళ్ళు చెమర్చాయి.

"తను వస్తాడు ఆంటీ."

తేజేశ్వర్ తల ఊపాడు.

బుధవారం పొద్దున ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ మోగింది. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. అతను తీయలేదు.

సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మా ఏరియాలో ఎవరూ అడగట్లేదుగా అన్నాడు బాబూ ఆయన. బిల్లు ఆగిపోయింది. ఫర్వాలేదు. రెండేళ్ళకి సభ మళ్ళీ కూడుతుంది. మళ్ళీ వస్తాను."

"రిప్లై ఇవ్వు, పాపం" అంది మనీషా.

"వీకెండ్ కాల్ చేస్తాలే."

శుక్రవారం వాళ్ళ వీధి మలుపులో ఒక పికప్ ట్రక్ సైకిల్‌ని రాసుకుంటూ దాటింది.

వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన ఫొటోని మనీషా అతనికి చూపించింది. పోయింది చాముండేశ్వరి.

డ్రైవర్‌కి పోలీసులు జరిమానా టికెట్ కూడా రాయలేదట. తన లేన్‌లోనే వెళ్ళాడట.

ఆదివారం ఇద్దరూ ఆ మలుపు దగ్గరికి వెళ్ళారు. పోయినవాళ్ళ గుర్తుగా సంఘంవాళ్ళు తెల్లరంగు వేసిన సైకిల్‌ని స్తంభానికి కడుతున్నారు. గొలుసు బిగిస్తున్న పెద్దాయన తెలుగువాడే.

"మీరు ఆంటీ హస్బెండా అంకుల్?" అంది మనీషా.

"కాదమ్మా. నా పేరు పద్మనాభం. ఆవిడకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు."

"మరి... కాలేజీ నుంచి వస్తూ పోయిన బాబు?"

"మావాడు. అక్షయ్."

తేజేశ్వర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"బుధవారం నేను రావాల్సింది అంకుల్. వస్తానని... ఫోన్ కూడా తీయలేదు."

పద్మనాభం తిట్టలేదు. అతనివైపు చూడను కూడా లేదు.

"నేనూ తీయలేదు. తలుపు. ఏళ్ళ తరబడి వచ్చి మా గుమ్మంలో నిలబడేది. మీవాడి పేరు మీద ఊరూరా తిరుగుతాను, ఒక్కసారి ఆస్టిన్ రండి అని అడిగేది."

"మీకు చుట్టమా అంకుల్?" అని అడిగింది మనీషా.

ఆయన తాళం నొక్కి, తెల్ల సీటు మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా అన్నాడు.

"మావాణ్ణి గుద్దిన కారు నడిపింది ఆవిడేనమ్మా."