ఏడో నియమం

ఉషశ్రీ తన ప్రాణం తానే తీసుకున్న పదమూడో రోజున, ఆమె ఫోన్ తెరిచి ఆ గ్రూపులో రాశాను. దిగులుతో, ఆందోళనతో బతికేవాళ్ళు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఆన్‌లైన్ గ్రూపు అది. మూడేళ్ళుగా ఆమె అందులో ఉంది. “ఉషశ్రీ ఇక లేదు. నేను ఆమె భర్తను.” రెండే వాక్యాలు.

నిమిషంలో అవి మాయమయ్యాయి. గ్రూపు నడిపే రాఘవ వెంటనే ఫోన్ చేశాడు.

“నేనే తీసేశానండీ. ఏమీ అనుకోకండి.”

“అబద్ధం రాశానా?”

“లేదండీ. ఇది చదివితే తట్టుకోలేనివాళ్ళు ఉన్నారండీ ఇక్కడ. ‘ఊరెళ్ళారు’ అని చెప్తాం. మా ఏడో రూలు అది.”

“గుండెపోటని మావాళ్ళు బెజవాడంతా చెప్పారు. మీరేమో ఊరెళ్ళిందంటారు. నా భార్య ఎలా పోయిందో చెప్పుకునే చోటు ఒక్కటీ లేదా? ఇంత గొప్ప రూలు పెట్టిన మహానుభావుడెవరు?”



“ఉషశ్రీ మేడమేనండీ. పోయిన వేసవిలో మైలవరం అమ్మాయి ఒకరు ఇలాగే పోతే, ఆవిడే రాసి పెట్టారు. ఆ అమ్మాయి పోయిన సంగతి మా ఇద్దరికీ తప్ప గ్రూపులో ఎవరికీ తెలీదండీ.”

ఫోన్ పెట్టేశాను.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, నేను గవర్నర్‌పేట ఆఫీసు నుంచి వచ్చేసరికి ఉషశ్రీ వంటగదిలో నిలబడి ఏడుస్తోంది. ఏమైందని అడిగాను. స్నేహితురాలు ఊరెళ్ళిపోయిందంది.

“ఊరెళ్తే ఏడుస్తారటే? టీ పెట్టు” అని నవ్వాను.

ఏ ఊరని కూడా అడగలేదు.