నిద్రపోయే కార్డు

నాలుగు తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"మళ్ళీ పడుకుంది, దీని దుంప తెగ!" అంది బ్రిసెయిదా.

గ్వాదలహారాలోని ఆ చిన్న కంపెనీ తెరమీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాన్నే నాలుగు వర్చువల్ కంప్యూటర్లకు పంచే డ్రైవర్ ప్రోగ్రాం తయారుచేస్తోంది. పనిలేనప్పుడు కార్డును నిద్రపుచ్చి కరెంటు ఆదా చేయాలి. అదేమో పనుండగానే నిద్రపుచ్చేస్తోంది. సాయంత్రం నాలుగింటికి కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళముందు ఇలాగే పడుకుంటే, దాన్ని రాస్తున్న బ్రిసెయిదా, ఫెర్మీన్ ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా.

తలుపు దగ్గర తోలు చెప్పుల పెద్దాయన ఒకాయన నిలబడ్డాడు. చేతిలో ఎర్రటి పులుసు మరకల సంచి.

"అమ్మయ్య, టోర్టాలు!" పులుసులో ముంచిన రొట్టెలున్న ఆ సంచిని ఫెర్మీన్ లాక్కున్నాడు. "ఫోన్ చేసి గంటైంది. ఇంత ఆలస్యమా తాతా?"

పెద్దాయన వినిపించుకోలేదు. తెరల వంకే చూస్తున్నాడు.

"ఒకడు ఖాళీగా కూర్చుంటే నలుగురివీ ఆరిపోతున్నాయా అమ్మాయ్?"

"మాకు చాలా పనుందండీ" అంది బ్రిసెయిదా.

"ఇంట్లో ఒకడు పడుకుంటే మెయిన్ ఆపేస్తామా? ఎంతమంది మేలుకున్నారో లెక్కపెట్టే లైను ప్రోగ్రాంలో ఒకటుండాలే. కొట్టేశారా?"

నవ్వాగక ఫెర్మీన్‌కు పొలమారింది.

"టోర్టాలాయన కూడా ప్రోగ్రాం రాసేస్తున్నాడు! పాత చెత్తంతా పోయిన వారమే ఊడ్చేశాను తాతా. ఈసారి కాస్త కారం ఎక్కువ వేయించు."

పెద్దాయన ఖాళీ అవుతున్న సంచి వంక దిగులుగా చూశాడు.

"మా ఆవిడతో చెబుతాను" అని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి కొనేవాళ్ళొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఒకాయన ఫోనొచ్చిందని లేచాడు. కాసేపటికి మిగతా ముగ్గురి తెరలూ నల్లబడ్డాయి. వాళ్ళూ లేచారు.

మేనేజర్ రోహేలియో జుట్టు పీక్కున్నాడు.

"ఈ డ్రైవర్ మొదట రాసిన ఎలియోదోరోగారిని పంపించానుగా! మీకు చెబితే బిగుసుకుపోతారని చెప్పలేదు. చపాలా సరస్సు దగ్గర హాయిగా చేపలు పట్టుకుంటున్న మనిషిని బతిమాలి రప్పిస్తే, ఏం చేశారయ్యా?"

"ఎవరూ రాలేదు సార్, ఒట్టు!" అన్నాడు ఫెర్మీన్.

అంతలో హెల్మెట్ పెట్టుకున్న ఒకామె రొప్పుతూ లోపలికొచ్చింది.

"రెండు టోర్టాలు మీకేనా? ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను, ఏమనుకోకండి."

బ్రిసెయిదా చెత్తబుట్టలోంచి మరకల సంచి బయటికి తీసింది. అడుగున పులుసులో నానిన చీటీ ఉంది.

"ఎలియోదోరో, చల్లారకముందే తిను. రెండోది ఆ పిల్లలకు పెట్టు, పాపం, పనిలో పడి తిన్నారో లేదో."